చూపరికి ఒక అబద్ధం

ఒకటో రోజు

యావన్మంది ప్రజలకూ, కడలికట్ట సంస్థవారికీ, వారి జల్లెడ యంత్రానికీ తెలియజేయడమైనది ఏమనగా: నేటి నుంచి ఇరవై ఒక్క రోజుల పాటు మూడోగోడ ఇంజినీరింగు కాలేజీ క్యాంటీన్‌లో కిటికీ పక్క బల్ల, దాని కుంటికాలు సహా, నా స్వాధీనంలో ఉండును. ఆ బల్ల మీద ఎవరూ తడి గ్లాసు పెట్టరాదు. నాచు బజ్జీలో ఉప్పు చాల్లేదని ఎవరూ మూతి ముడవరాదు. చాలనివారు కిటికీ ఊచలు గీక్కొని చల్లుకోవచ్చును. ఆ క్యాంటీన్ నడుపుతూ ఈ చూపు పుస్తకం రాస్తున్న బమ్మిడి గున్నయ్య అను నాకు వయసు యాభై రెండు, చదువు పదో తరగతి మూడుసార్లు తప్పు, మీసం లేదు.

ప్రకటన సమాప్తం. ఇక పని.

పిల్లలు ఇంటర్న్‌షిప్‌లకు పెట్టే దరఖాస్తులన్నీ యంత్రాలే రాసిపెట్టడం మొదలయ్యాక కంపెనీలకు కాగితం మీద నమ్మకం పోయింది. ఇప్పుడు నమ్మేది చూపరిని, అంటే పిల్లను దగ్గరుండి చూసి పుస్తకం రాసిచ్చేవాణ్ణి. చూపరి పది తప్పినవాడై ఉండాలి, అందంగా రాయలేడన్న భరోసా కోసం. అందుకని మా ఊరి సంతలో ఫెయిలైన మార్కుల జాబితాలు దొంగవి అమ్ముతున్నారు. నావి అసలువి. ఫ్రేము కట్టించి క్యాంటీన్‌లో వేలాడదీశాను.

చూపరి చేత్తో రాయాలి. కొట్టివేతలు కూడదు, పేజీ చించకూడదు. చూసింది చూసినట్టు రాయాలి. అయితే ఒకే ఒక్క అబద్ధం తప్పనిసరిగా ఉండాలి. యంత్రాలు అబద్ధం రాయడం చట్టరీత్యా నేరం గనక, అబద్ధం ఉంటేనే మనిషి రాసినట్టు లెక్క. అదేదో చివరి రోజున ఒప్పుకోవాలి. ఒప్పుకున్నదాన్నీ, దాని మీద ఆధారపడిన వాక్యాలన్నిటినీ జల్లెడ కొట్టేస్తుంది. రెండో అబద్ధం దొరికితే పుస్తకం మొత్తం చెల్లదు, పుస్తకం ఇచ్చేటప్పుడు తీసే నా ఫొటోతో సహా అన్నీ సరిచూస్తారు. తెలివైన చూపరులు ఆ అబద్ధాన్ని ఏదో చిల్లర సంగతి మీద మొదటి పేజీలోనే వదిలించుకుంటారు. నేను తెలివైనవాణ్ణి.

నేను చూడవలసిన పిల్ల పేరు సనపల నాగావళి. సివిల్ మూడో సంవత్సరం. నదులు ఎండిపోయాక పుట్టిన ఆడపిల్లలకు నదుల పేర్లు పెట్టారు మరి. కడలికట్ట సంస్థలో గోడ వినికిడి పనికి దరఖాస్తు పెట్టింది. సముద్రం గోడకు ఎక్కడ కన్నం పెడుతోందో వినికర్ర ఆనించి విని చెప్పే పని.

చూడగానే నమస్కారం పెట్టింది. అంత పద్ధతైన నమస్కారం పెట్టేవాళ్ళను నేను నమ్మను.

రెండో రోజు

మొదటి మాక్ ఇంటర్వ్యూ.

"మీ బలహీనత ఏమిటి?" అన్నాను, సంస్థవారు పంపిన కాగితం చూసి.

పిల్ల కొంచెం తల తిప్పింది. రెండు క్షణాలు ఆగింది. "పనిలో పడితే తిండి మర్చిపోతానండి" అంది.

"ఈ బల్ల దగ్గిర పదిహేడుమంది ఇదే సెప్పారు పాపా. పదిహేడుమందీ నా దగ్గిరే రెండేసి ప్లేట్లు తిన్నారు."

నవ్వలేదు. నవ్వకపోవడం తప్పు కాదు గానీ, ఆ రెండు క్షణాలు నాకు నచ్చలేదు. ఏది అడిగినా అవే రెండు క్షణాలు. "టీ తాగుతావా" అన్నా అంతే. పైగా జుట్టంతా ఎడమ చెవి మీదకు దువ్వి పిన్ను పెడుతుంది. చెవిగింజ అనుకున్నాను. బఠాణీ అంత కూడా ఉండదు. చెవిలో వేసుకుంటే ఎక్కడో కూర్చున్న యంత్రం జవాబులన్నీ ఊదుతుంది. దొరికితే ఆ విద్యార్థి పని అయిపోయినట్టే.

పాత చూపరులు ఏం రాశారని అడిగాను. మొదటాయన "పొగరు, పిలిస్తే పలకదు" అన్నాడట. రెండో ఆవిడ "ఎవరో చెవిలో చెబుతున్నట్టు ఆగి ఆగి మాట్లాడును" అన్నదట. రెండుసార్లు పోయింది. మూడోసారీ పోతే కాలేజీలో సీటు పోతుంది, ఉప్పుగీత దళంలో వేస్తారు. అంటే బతికున్నన్నాళ్ళూ ఇనప పార పట్టుకొని ఊరి గోడల మీద ఉప్పు గీకడమే.

ఆ రెండో ఆవిడ కళ్ళు మంచివని నా అభిప్రాయం.

మూడో రోజు

టీలో పంచదారకు బదులు ఉప్పు వేసి ఇచ్చాను. గ్లాసు ఖాళీ చేసి "బాగుంది బాబాయ్" అంది.

ఉప్పు టీ బాగుందన్న మనిషి ఇంకేం దాచదు!

ఐదో రోజు

క్యాంటీన్ వెనక సరుకులు పెట్టుకునే పాత ఓడ పెట్టె ఒకటి ఉంది. దళసరి ఇనుము. తలుపు వేస్తే ఏ సిగ్నలూ లోపలికి రాదు, నా పాత అప్పులవాళ్ళ ఫోన్ల సమయంలో చాలాసార్లు పరీక్షించాను. ఎండ బూర మోగాక, అంటే తొమ్మిదింటికి బయట తిరగడం నిషేధమయ్యాక, పిల్లను అందులో కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేశాను. గింజ ఉంటే ఇక్కడ మూగబోవాలి.

గోడ మీద ఆటుపోట్ల ఒత్తిడి గురించి అడిగాను. కాగితంలో ఉన్నదానికంటే బాగా చెప్పింది. అవే రెండు క్షణాలు, అదే తల తిప్పుడు.

"బాబాయ్, మీకు నామీద ఏటో అనుమానంగా ఉంది" అంది బయటికొస్తూ.

"అనుమానం నా ఉద్యోగం కదమ్మా. జీతం దానికే."

"మీరు నిజంగా పది తప్పారా?"

"మూడుసార్లు. గోడకి ఏలాడతంది, సూడు."

వెళ్ళి ఫ్రేము తిరగేసి వెనక ముద్ర కూడా చూసింది. ఇది మామూలు పిల్ల కాదు. గింజ కొత్త రకమై ఉంటుంది.

ఏడో రోజు

ఒక సంగతి కనిపెట్టాను. నేనెక్కడ కూర్చున్నా ఈ పిల్ల నన్ను తన కుడిపక్కకు తెచ్చుకుంటుంది. నేను ఎడమవైపు బెంచీ మీద కూర్చుంటే, కుర్చీ కాలు బాగోలేదని లేచి అటు మారింది. నేనూ మారాను. కిటికీ వెలుతురు కళ్ళల్లో పడుతోందని మళ్ళీ మారింది. మేమిద్దరం బల్ల చుట్టూ అలా మూడు చుట్లు తిరిగాక వంటావిడ చప్పట్లు కొట్టింది.

ఎడమ చెవి నాకు కనబడకూడదు. అంతే కదా దీనర్థం?

తొమ్మిదో రోజు

మధ్యాహ్నం మజ్జిగ తాగుతుంటే పిల్ల నా మొహం చూసి, "బాబాయ్, మీసానికి మీగడంటింది" అంది. నాకు మీసం లేదని మొదటి పేజీలో స్పష్టంగా రాసి ఉంది గనక ఆ మాట పట్టించుకోలేదు. మూతి మాత్రం తుడుచుకున్నాను.

తర్వాత కిటికీల ఉప్పు గీకుడు. హాస్టలు పిల్లలంతా రోజూ అరగంట గీకాలి, లేకపోతే ఊచలు నెలలో చిప్పలు లేచిపోతాయి. పిల్ల గీకుతుండగా ఎడమపక్క నుంచి వెళ్ళి, సముద్రపు హోరులో కలిసేలా మామూలు గొంతుతో, "నీకు కోపమొస్తే ఏం చేస్తావు?" అని అడిగాను.

రెండు క్షణాలు ఆగి, "మూడేళ్ళలో మరమ్మతు విభాగంలో ఉండాలనుకుంటున్నానండి" అంది.

యంత్రం దారి తప్పి ఒక ప్రశ్నకు ఇంకో జవాబు పంపింది! నా ఒళ్ళు పులకరించింది. ఇంక పట్టుకోవడమే తరువాయి.

పదో రోజు

ఉప్పెన హెచ్చరిక. క్లాసులు లేవు. పిల్లను చూడలేదు గనక రాయడానికేం లేదు. అనుమానం మాత్రం ఇంట్లో కూర్చున్నా పెరుగుతుంది.

పన్నెండో రోజు

చెవిగింజ పెట్టుకున్నవాళ్ళకు ఆ చెవిలో చిన్న శబ్దం కూడా పెద్దగా వినిపిస్తుందట. అందుకని ఈ పథకం వేశాను.

పిల్ల కిటికీ గీకుతోంది. పిల్లిలా వెనక నుంచి వెళ్ళి, ఎడమ చెవి దగ్గర వంగి, గుసగుసగా అన్నాను. "ఒలమ్మా, నీ జడమీద తేలు."

గీకుతూనే ఉంది.

"తేలమ్మా. నల్ల తేలు. పైకి పాకతంది."

పార కూడా ఆగలేదు. ఇంతటి గుండెధైర్యం నేను చూడలేదు. సరే అని కుడివైపు వెళ్ళి అదే గొంతుతో, అవే మాటలు అన్నాను.

పిల్ల ఎగిరి పడింది. బకెట్టు తన్నేసింది. నా బొటనవేలి మీద పార పడింది. జడ విదిలించుకుంటూ వరండా చివరిదాకా పరుగెత్తింది. నేను కుంటుతూనే నవ్వాను. సగం నవ్వాక ఆగిపోయాను.

ఎడమ చెవిలో గింజ లేదు. ఆ చెవిలో ఏమీ లేదు. వినికిడి కూడా లేదు.

తల తిప్పేది కుడి చెవి నాకివ్వడానికి. ఆ రెండు క్షణాలు నా పెదవులు చూసి, విన్నది సరిపోయిందో లేదో చూసుకోవడానికి. సంస్థవారి ఫారంలో "రెండు చెవులూ బాగుగా వినిపించునా" అనే గడిలో ఈ పిల్ల "అవును" అని రాసింది.

నేను చూసింది చూసినట్టు రాయాలి గనక ఇదంతా ఇక్కడే, బకెట్టు పక్కనే కూర్చుని, సిరాతో రాసేశాను. రాశాక బుర్ర పనిచేసింది. నా జీవితమంతా ఆ వరసే.

పదమూడో రోజు

"రాసీసారా బాబాయ్?" అంది పిల్ల వచ్చీ రాగానే.

"రాసీసాను."

"పేజీ సింపడానికి లేదు కదా?"

"నేదమ్మా."

బల్ల మీద తడి గ్లాసు పెట్టింది. నేనేం అనలేదు. కాసేపటికి తనే చెప్పింది. రెండో గోడ తెగిన రోజున తనకు ఆరేళ్ళు. ప్రమాద బూర వీళ్ళ ఇంటి కప్పు మీదే ఉండేది. దానివల్లే వీధి వీధంతా లేచి బతికింది. రెండు గంటలు ఆగకుండా మోగింది.

"కుడి సెవి మా అమ్మ పొట్టకి ఆనించుకొని ఉండిపోయాను బాబాయ్. ఎడమది బయటకుండిపోయింది."

"మరి ఫారంలో అవునని ఎందుకెట్టావు?"

"కాదని పెడితే ఇంటర్వ్యూకే పిలవరు. గోడ పక్కన నిలబడనిస్తే నేను వినగలనని చూపిస్తాను. నిలబడడానికే ఒక చెవి ఎక్కువ అడుగుతున్నారు."

మంచి జవాబే. అయితే మంచి జవాబులు చెప్పేవాళ్ళను నేను చాలామందిని చూశాను. నా ఇల్లు గోడకు నాలుగు వందల అడుగుల దూరంలో ఉంది. మా ఆవిడ సూరమ్మ అందులో పడుకుంటుంది. వినలేని మనిషి గోడకు కాపలా ఉంటే మొదట మునిగేది నా మంచమే. జాలి వేరు, సముద్రం వేరు.

పదహారో రోజు

గోడ మేస్త్రి కోరాడ ఎర్రయ్య నా చిన్ననాటి స్నేహితుడు. చిన్నప్పుడు అతని చెప్పులో నేను పెట్టిన పీత సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు. అయినా పిల్ల చెవి సంగతి చెప్పి అడిగితే ఒప్పుకున్నాడు. తెల్లారగానే, ఎండ బూరకు ముందు, పిల్లను గోడ మీదకు తీసుకెళ్ళాను.

ఉక్కు తలుపులు పద్నాలుగు. ఎర్రయ్య వినికర్ర తలుపుకు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకొని, కళ్ళు మూసుకొని విన్నాడు. ముప్పై ఏళ్ళ అలవాటు. పొద్దున్నే ఒకసారి విని పద్నాలుగూ పొడి అని రిజిస్టరులో సంతకం పెట్టేశానని చెప్పాడు.

"ఇప్పుడు నువ్వు పట్టమ్మా" అన్నాడు.

పిల్ల కర్ర కొన పైట చెంగుతో తుడిచింది. చెవి దగ్గర పెట్టలేదు. పళ్ళతో కరిచి పట్టుకుంది.

"అదేటి, సెరుకనుకున్నాదా?" అన్నాడు ఎర్రయ్య.

నేను నవ్వాను. పిల్ల నవ్వలేదు. ఒక్కో తలుపుకూ మూడేసి చోట్ల కర్ర మార్చి మార్చి, పళ్ళ మధ్య బిగించి, కళ్ళు తెరిచే ఉంచి నడిచింది. పదకొండో తలుపు దగ్గర ఆగింది. కింది బందు దగ్గర మళ్ళీ పెట్టింది. ఇంకోసారి పెట్టింది.

"ఇక్కడ కారతంది."

"నేదు" అన్నాడు ఎర్రయ్య. "పొద్దున్న ఇన్నాను."

"వినబడదు తాతా. పళ్ళకి తగుల్తంది. సన్నగా, చీమలు పాకినట్టు."

ఎర్రయ్య విన్నాడు. ఏమీ లేదన్నాడు. నేనూ విన్నాను. నాకు నా మోకాళ్ళ చప్పుడే వినిపించింది. నాకు లోపల్లోపల పాత అనుమానం మళ్ళీ లేచింది. దొరక్కపోతే ఏదో ఒకటి చెప్పేద్దామని చెప్పిందేమో. అడిగేశాను కూడా.

పిల్ల పొడి సున్నం గుప్పెడు అడిగి, బందు చుట్టూ చల్లి, ఎదురుగా గచ్చు మీద కూర్చుంది. మేమూ కూర్చున్నాం. ఎర్రయ్య బీడీ ముట్టించి ఆర్పేశాడు. ఎండ బూర మోగడానికి కొంచెం ముందు, తెల్లటి సున్నం మీద వెంట్రుకంత బూడిదరంగు గీత ఒకటి మొదలైంది. మా కళ్ళ ముందే జానెడు పొడవైంది.

ఎర్రయ్య కర్ర తీసుకొని తన పళ్ళతో కరిచి చూశాడు. అతనికి ముందు పళ్ళు రెండే ఉన్నాయి. చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"సీమలే" అన్నాడు.

పదిహేడో రోజు

పొద్దున్నే వెళ్ళి గోడ రిజిస్టరు చూశాను. నిన్నటి తేదీ. పద్నాలుగు తలుపులూ పొడి. ఎర్రయ్య సంతకం.

"తారూ జనపనారా కూరాను గదరా" అన్నాడు నా మొహం చూడకుండా. "పొడి అని సంతకం ఎట్టీసేక మళ్ళీ తడి అని ఎలగ రాస్తాను? పైగా ఎవలు కనిపెట్టారని అడిగితే ఏటి సెప్పను? ఎర్రయ్యకి ఇనబడలేదు, ఒంటిసెవి గుంటకి తెలిసిందనా? నన్ను ఇంటికి పంపుతారు. దాన్నీ రానివ్వరు. ఇద్దరికీ నష్టమే."

"మరి ఆ నార ఎన్నాళ్ళుంటదిరా?"

రిజిస్టరు మూసేశాడు. పీత పెట్టిన రోజున కూడా ఇంత కోపం రాలేదు నాకు వాడి మీద. అయితే వాడు అబద్ధాల కోరు కాదు. రెండు చెవుల నిబంధన రాసిన మహానుభావుడెవరో, ఆయనే వాణ్ణి అలా చేశాడు.

కాబట్టి ఇప్పుడు పదకొండో తలుపు కారుతోందన్న మాట లోకంలో ఒక్క చోటే రాసి ఉంది. ఈ పుస్తకంలో. ఈ పుస్తకం చెల్లకపోతే అదీ చెల్లదు.

పద్దెనిమిదో రోజు

పిల్ల ఒక్క మాటే అడిగింది. "చివరి పేజీలో ఏం రాస్తారు బాబాయ్?"

"నిబంధన ప్రకారం ఒక అబద్ధం నా హక్కు. దాన్ని ఎక్కడ ఎట్టుకోవాలో నా ఇష్టం."

"మీ అబద్ధం మొదటి పేజీలోనే అయిపోయింది కదా?" అని నా మూతి వైపు చూసింది.

ఫ్రేము వెనక ముద్ర చూసిన పిల్ల. నేనే మరిచిపోయాను.

"నీ ఇంటర్వ్యూ సంగతి నువ్వు సూసుకో" అన్నాను.

పంతొమ్మిదో రోజు

ఈ పుస్తకంలో ఎక్కడైనా తేడా ఉందేమోనని మొదటి నుంచి చదువుకున్నాను. మొదటి పేజీలో ఒక చోట కొంచెం సందేహం కలిగింది. వెంటనే మంగలి దగ్గరకు వెళ్ళాను. ఇప్పుడు సందేహం లేదు.

మంగలి రెండుసార్లు అడిగాడు, నిజంగానేనా అని. ముప్పై నాలుగేళ్ళుగా ఇద్దరం కలిసి పెంచాం, అతనికీ బాధ ఉంటుంది.

ఇంటికొచ్చి తలుపు కొట్టాను. సూరమ్మ తీసింది. "ఎవలు బాబూ?" అంది.

"నేనే."

"మీరేటి! ఈ మొగం ఎక్కడెట్టారు ఇన్నాళ్ళూ? ఏసుకోండి, ఏసుకోండి, ఏదైనా గుడ్డ ఏసుకోండి" అని తలుపు మూసేసింది. ఊళ్ళోవాళ్ళను ముప్పై ఏళ్ళు ఏడిపించాను. ఈ ఒక్క రోజులో వడ్డీతో సహా తిరిగి ఇచ్చేశారు.

ఇరవయ్యో రోజు

చివరి మాక్ ఇంటర్వ్యూ. నేనే వెళ్ళి కుడిపక్క కూర్చున్నాను. పిల్ల నన్ను చూసి పెదవి కొరుక్కుంది. మొదటిసారి నవ్వు ఆపుకోవడం చూశాను. చివరికి ఆపుకోలేకపోయింది.

"మీ బలహీనత ఏమిటి?" అన్నాను గంభీరంగా.

రెండు క్షణాలు. ఇప్పుడు ఆ రెండు క్షణాలూ నేనూ ఆగాను.

"నాకు వినిపించనిది నలుగురిలో మళ్ళీ అడగాలంటే సిగ్గు" అంది. "అడక్కుండా ఏదో ఒకటి చెప్పేసేదాన్ని. అందుకే రెండుసార్లు పోయింది. ఇంక అడుగుతాను. 'వినబడలేదు, మళ్ళీ చెప్పండి' అంటాను. గోడనైనా అంతే. నమ్మకం కలిగేదాకా మూడు చోట్ల అడుగుతాను."

పదిహేడుమందిలో ఎవరూ చెప్పని జవాబు. జల్లెడకు ఎలా ఉంటుందో నాకు తెలియదు. నేనైతే ఈ పిల్ల కాపలా ఉన్న గోడ పక్కన మంచం వేసుకుంటాను.

ఇరవై ఒకటో రోజు

చూపరి ఒప్పుకోలు. నిబంధన ప్రకారం.

ఈ పుస్తకంలో ఒకే ఒక్క అబద్ధం ఉంది. నాగావళికి ఎడమ చెవి వినిపించదన్న సంగతి మొదటి నుంచి చివరిదాకా నేను కల్పించింది. తేలూ, బకెట్టూ, ఇంటి కప్పు మీది బూరా, అమ్మ పొట్టా, ఎర్రయ్య అన్న ఒంటిచెవి మాటా, ఆ సంగతి మీద నిలబడ్డవన్నీ జల్లెడవారు నిరభ్యంతరంగా కొట్టేసుకోవచ్చు. కథ కోసం రాశాను. పది తప్పినవాణ్ణి, నాకు అంతకంటే తెలియదు.

మిగతాదంతా నిజం. నాకు మీసం లేదు, ఫొటో చూసుకోండి.

యంత్రం చదివితే ఇక్కడితో దానికి సరిపోతుంది. మనిషెవరైనా చదువుతుంటే ఆయనకో ఆవిడకో ఒక్క మనవి. నేను ఏది కల్పించానో, ఏది కల్పించలేదో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. మీ మనసులోనే ఉంచుకొని, ముందు మనిషిని పంపండి. పదకొండో తలుపు కింది బందు కారుతోంది. అది కారడానికి ఎవరి చెవులతోనూ సంబంధం లేదు.